పెరుగు లేని క్రిస్మస్

23వ తారీఖు వచ్చేసినా అన్నం ఎవరు తెస్తారో తేలలేదు.

డిసెంబరు మొదట్లో పెట్టిన వాట్సాప్ గ్రూపు అది. అందులో ఉన్నవాళ్లంతా డిగ్రీల మీద డిగ్రీలు చేసినవాళ్లు, పెద్దపెద్ద ప్రాజెక్టులు సకాలంలో ముగించిపెడతామని చెప్పి జీతాలు తీసుకుంటున్నవాళ్లు. అలాంటివాళ్లు అయిదు కుటుంబాలకి గిన్నెడు తెల్లన్నం ఎవరు వండాలో తేల్చలేకపోయారు. తిరామిసు మాత్రం ముగ్గురు తెస్తారట. పనీర్ టిక్కా ఇద్దరు. ఒకాయన ‘నేను ఐస్ తెస్తా’ అని రాసి, దణ్ణం బొమ్మ పెట్టి మాయమైపోయాడు. లండన్లో, డిసెంబరులో, ఐసు!

ఆ జాబితాలో నా పేరు లేదు. వంట ఎగ్గొట్టానని కాదు, నేను పండగ యజమానిని. గ్రూపులో క్రైస్తవ కుటుంబం మాదొక్కటే కాబట్టి హౌన్‌స్లోలోని మా ఇంట్లోనే పండగని తీర్మానించారు. అంతవరకూ సంతోషమే. చిక్కల్లా ‘మీ పండగ కదా’ అన్న మాటతో వచ్చింది. ‘అన్నా, మీ పండగ కదా, టర్కీ కోడి కడుపులో ఏం కూరతారు?’ ‘మీ పండగ కదా, ఆ చిట్టి క్యాబేజీలు ఉడికిస్తారా, వేయిస్తారా?’ ఒకావిడ ఇంకో మెట్టెక్కి, పుడ్డింగు మీద బ్రాందీ పోసి అంటించాలట కదా, మీ గుంటూరింట్లో దాన్ని భోజనానికి ముందు అంటిస్తారా, తర్వాతా అని అడిగింది. అమ్మా, మా గుంటూరింట్లో బ్రాందీ సీసా కనిపిస్తే భగ్గుమనేది పుడ్డింగు కాదు, మా అమ్మ.

ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పెట్టింది 1842లో. మావాళ్లు ఆయన తర్వాత ఎన్నాళ్లకి గుడికి నడిచారో నా దగ్గర లెక్క లేదు గానీ, ఇన్ని తరాల్లో మా వంశంలో ఎవరూ టర్కీ కోడి మొహం చూసిన దాఖలా మాత్రం లేదు. మా క్రిస్మస్ వేరు. డిసెంబరు పుట్టగానే వీధికో సెమీ క్రిస్మస్, దానికో కేకు, ఆ కేకు కోయడానికో కార్పొరేటరు. డాబా మీద వెదురు బద్దలకి రంగు కాగితం అంటించిన స్టారు. ఇదిగో అదిగో అంటూ 24 రాత్రి దాకా చొక్కా ఇవ్వని టైలరు. అరిసెలు. మధ్యాహ్నం మటన్ పలావు, గోంగూర, చివర్న గడ్డపెరుగు. ఇదంతా గ్రూపులో రాస్తే మా రాజమండ్రి మిత్రుడు, ‘అరిసెలు సంక్రాంతివి కదన్నా’ అన్నాడు. కొత్త బియ్యం వచ్చేదే ఈ రోజుల్లో తమ్ముడూ, పండగ పేరు చూసుకుని నానవు అవి.

నిజానికి ఈ దేశం వాళ్లకైనా ఇందులో సొంత సరుకు ఎంతుందని? చెట్టు జర్మనీ అలవాటు, విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ పుణ్యమా అని జనంలోకి వచ్చింది. ట్రఫాల్గర్ స్క్వేర్లో నిలబెట్టే పెద్ద చెట్టయితే 1947 నుంచీ ఏటా నార్వే వాళ్లు పంపుతున్నదే. టర్కీ కోడి అమెరికా ఖండం పక్షి. బల్ల మీద ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగే క్రాకర్‌ని 1840లలో టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి కనిపెట్టాడు, సరే. కానీ కాగితంలో మెలిపెట్టి చుట్టే ఆలోచన ప్యారిస్ మిఠాయిలని చూసి తెచ్చుకున్నదే. అసలు పుట్టినాయన బెత్లెహేము వాడు. మరి నన్నొక్కణ్ణే పట్టుకుని మీ పండగ, మీ పండగ అంటే ఎలా?

సరే, కోడి సంగతి. మా భీమవరం బావ తెచ్చాడు. నిజానికి ఆయన నాకేమీ బావ కాడు, గ్రూపు మొత్తానికీ బావ. గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్జులో కరగనివ్వడానికి కిలోకి పది పన్నెండు గంటలు పడుతుందని ఇక్కడి ప్రభుత్వం వారే చెబుతారు. ఆరు కిలోల పక్షి. మూడు రోజుల పాటు అది ఫ్రిజ్జులో పండుకుని ఉంటే, మా ఇడ్లీ పిండి వంటగది కిటికీలో చలికి వణికింది. 24 రాత్రి బావ వచ్చి దాన్ని ఫోర్కుతో ఒళ్లంతా పొడిచి, పసుపూ కారం అల్లంవెల్లుల్లి దట్టించి, ఆపైన చేతికందింది ఒకటి తీసి బోర్లించాడు. ఆ అందింది ఏమిటో మరునాడు మధ్యాహ్నం దాకా ఎవరికీ తట్టలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి అంతా చేరారు. కార్లున్నవాళ్లే చేరారు అనాలి, 25న లండన్లో బస్సులుండవు, మెట్రో ఉండదు, రైళ్లుండవు. అందరి ఒంటి మీదా ముక్కు వెలిగే దుప్పి బొమ్మ స్వెటర్లు. మా ఇంట్లో ఈ రోజు పట్టుచీరల రోజు. మా ఆవిడ పాపం కట్టుకుంది కూడా. దాన్ని చూసి, ‘అయ్యో వదినా, థీమ్ మెసేజ్ చూడలేదా’ అన్నారు. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. అన్నం కూడా ఆవిడే వండింది, అదీ చెప్పాలి.

వడ్డనలు సాగుతున్నాయి. క్రాకర్లు టపటపా పేల్చి, అందులోంచి ఊడిపడ్డ కాగితం కిరీటాలు నెత్తిన పెట్టుకుని, ఆవకాయ కలుపుకుంటున్నారు. ఇంతలో ఎవరో అడిగారు.

‘పెరుగేదీ?’

ఒక్కసారిగా నిశ్శబ్దం. తెలుగువాళ్ల ఇల్లన్నాక పెరుగు ఉంటుంది, ఎవరూ ప్రత్యేకంగా తేనక్కర్లేదు అనుకున్నారు అందరూ. ఉంది కూడా, నిన్నటిదాకా. కిలో బక్కెట్టు. మెల్లిగా అందరి కళ్లూ బావ వైపు తిరిగాయి. బావ కళ్లు ఓవెన్ వైపు తిరిగాయి.

పిల్లల కోసం కొన్న స్ట్రాబెరీ యోగర్ట్ ఉందని ఒకరు సూచించారు. అన్నంలో కలిపి పక్కన మాగాయ పెట్టుకుంటే అంతగా తెలియదట. ఆ సూచన చేసినవారితో ఇప్పటికీ కొందరు సరిగ్గా మాట్లాడటం లేదు. కొనుక్కొద్దామంటే కొట్లు లేవు. వరంగల్ ఆయన కిరీటం సర్దుకుని చట్టం చెప్పాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలేవీ క్రిస్మస్ రోజున తెరవకూడదని 2004లో చట్టం చేశారు. చిన్న కొట్లకి మినహాయింపు.

ఇక్కడే మా బాచుపల్లి మిత్రుడు ఫోర్కు కింద పెట్టాడు.

‘280 మీటర్లంటే 335 గజాలు’ అన్నాడు. ఫోను తీయలేదు, కాగితం అడగలేదు. ‘మంచి బిట్టే.’

ఈ మనిషికి ప్రపంచంలో ఏ స్థలాన్ని చూపించినా గజాల్లోకి దిగుతుంది. బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు ముందు నిలబడి, ఈస్ట్ ఫేసింగేనని సర్టిఫికెట్ ఇచ్చినవాడు. 335 గజాల్లో జీ ప్లస్ టూ వేస్తే ఎన్ని పోర్షన్లొస్తాయి, సెట్‌బ్యాక్ ఎంత వదలాలి, బాచుపల్లిలో నాలుగేళ్ల కింద అలాంటిదే ఎలా చేజారింది అన్నీ చెప్పుకొచ్చాడు. చట్టంలో ఆ కొలత గోడౌనుకి కాదు, సరుకు పెట్టి అమ్మే జాగాకేనని వరంగల్ ఆయన సవరించాడు. ‘అదే కదన్నా, కార్పెట్ ఏరియా. సూపర్ బిల్టప్ పట్టరు’ అని మనవాడు పొంగిపోయాడు. బ్రిటిష్ పార్లమెంటు మీద అతనికి అంత గౌరవం కలగడం నేనెప్పుడూ చూడలేదు. కారిడార్లూ లిఫ్టూ కలిపి అంటగట్టకుండా నిజం కొలత పట్టే ప్రభుత్వం మనకెప్పుడొస్తుందని ఆవేదన కూడా పడ్డాడు. ఈలోగా టర్కీ చల్లారింది. చల్లారకముందు కూడా దానికి పెద్ద గిరాకీ లేదు, బావ మసాలా అంతా తోలు దగ్గరే ఆగిపోయి లోపల తెల్లగా, ఎవరికీ సంబంధం లేనట్టు ఉంది.

చివరికి 335 గజాల లోపు కొట్టు వెతకడానికి నలుగురం బయల్దేరాం, నడిచే. మందు ముట్టని డ్రైవరు ఒక్కడే మిగిలాడు, వాణ్ణి రాత్రికి దాచుకోవాలి. రోడ్డు మీద పురుగు లేదు. హీత్రో విమానాలు మాత్రం మా తలల మీదుగా బరబరా దిగుతున్నాయి. పక్క వీధికి బస్సు లేని రోజున సింగపూర్ నుంచి మనుషులొచ్చి దిగుతున్నారు. పెట్రోలు బంకులో పాలున్నాయి, పెరుగు లేదు. రెండో కొట్టు మూసుంది. మూడోది శ్రీలంక తమిళాయనది, లైటు వెలుగుతోంది. నాలుగు దుప్పి స్వెటర్లు, నాలుగు కాగితం కిరీటాలు లోపలికి అడుగు పెట్టగానే ఆయన మా మొహాలు చూశాడు.

‘తయిర్?’ అన్నాడు.

మేం ఇంకా నోరు తెరవనే లేదు. పొద్దుట్నుంచీ ఇదే వరసట. తెలుగు, తమిళం, కన్నడం, అందరూ భోజనం మధ్యలో లేచి వస్తున్నారట. అడుగున రెండే బక్కెట్లు మిగిలాయి. కౌంటరు మీద లాటరీ టికెట్లకీ ఫోన్ కార్డులకీ మధ్య చిన్న పశువుల పాక, అందులో బాలయేసు. ‘మీకూ పండగేగా, కొట్టు మూయరా?’ అని అడిగాను. పెద్ద కొట్లన్నీ మూసేసే రోజు ఇది, ఇవాళ మూస్తే ఎలా అన్నాడు. పిల్లలు పైన ఇంట్లో ఎదురుచూస్తున్నారట. జాఫ్నాలో అయితే ఈపాటికి, అని మొదలుపెట్టి, చిల్లర లెక్కపెట్టడంలో పడిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మూడవుతోంది. టీవీలో రాజుగారి ప్రసంగం. 1932లో అయిదో జార్జి రేడియోలో మొదలుపెట్టిన ఆనవాయితీ. దూరాన ఉన్నవాళ్లని తలుచుకుందామని ఏదో చెప్పబోతుంటే, మా పిల్లలు కార్టూన్లు పెట్టారు. ఇక్కడ మూడంటే గుంటూరులో ఎనిమిదిన్నర. అక్కడ పండగ అయిపోయింది. అమ్మకి వీడియో కాల్ చేశాను.

‘కేరల్స్ వాళ్లొచ్చారా?’ నేను ఏటా అడిగే మొదటి ప్రశ్న అదే.

‘రెండింటికొచ్చారు. ఆరుగురు. నేను ఇరవై మందికి టీ పెట్టాను.’

‘బాగా పాడారా?’

‘పెన్‌డ్రైవు పాడింది నాయనా. ఆటోలో పెద్ద సౌండు బాక్సు. ఈ పిల్లలు పక్కన నిలబడి ఫోన్లు పట్టుకుని ఎవరికో చూపిస్తున్నారు. మెల్‌బోర్న్‌లో ఉన్నవాడికి ఒకడు, డల్లాస్‌లో ఉన్నవాడికి ఒకడు.’

మేం డప్పు పట్టుకుని తిరిగే రోజుల్లో ప్రతి వీధిలోనూ ఒక ఇల్లుండేది. ముసలాయనో ముసలావిడో తలుపు తీసి, ఇంకొకటి పాడండిరా అనేవాళ్లు. ఇంకా పాతికిళ్లు తిరగాలని మా లీడరు గడియారం చూపించేవాడు. అయినా వాళ్లు వదిలేవాళ్లు కాదు. కుర్చీలు వేసేవాళ్లు, మా పేర్లు అడిగేవాళ్లు, ఎవరి అబ్బాయివి అనేవాళ్లు, చెప్పాక మళ్లీ అడిగేవాళ్లు. ఆ ఇళ్లలో పిల్లలు అప్పటికే కువైట్‌లోనో, అమెరికాలోనో ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ వీధికి ఆ ఇల్లు మాదే. అమ్మ నాతో అనలేదు గానీ, ఆ ఆరుగురినీ ఆపి ఎవరి అబ్బాయివని తప్పకుండా అడిగే ఉంటుంది. పెన్‌డ్రైవుని ఇంకో పాట పాడమని అడగడం కుదరదు కదా.

నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సందు చూసుకుని గ్రూపంతా ఫోను చుట్టూ మూగింది. ‘హ్యాపీ క్రిస్మస్ ఆంటీ!’ అమ్మ ఒక్కొక్కరినీ ఏ ఊరు, ఎవరి తాలూకు, తిన్నావా లేదా అని విచారించింది. భీమవరం బావకి తెనాలిలో మేనత్త ఉందని అయిదు నిమిషాల్లో రాబట్టింది. కోడి ఎలా ఉందంటే, అందరూ కలిసి ‘పెరుగు చాలా బాగుందాంటీ’ అన్నారు.

చివరికి ఫోను బాచుపల్లి మిత్రుడి చేతికి వెళ్లింది. అమ్మ డాబా మీది స్టారు చూపించడానికి మెట్లెక్కుతోంది. వాడు స్టారుని చూడలేదు. దాని వెనకాల ఉన్న పిట్టగోడని, ఆ గోడ ఇవతల వీధి వెడల్పునీ చూశాడు.

‘ఆంటీ, మీ ఇల్లు ఎన్ని గజాలు?’

‘210 బాబూ. రోడ్డు పోటు లేదు.’

‘కార్నరు బిట్టా?’

‘తూర్పూ ఉత్తరం రెండువైపులా దారే’ అంది అమ్మ. అని ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, ‘ఇప్పుడు ఎంత పలుకుతుందో కాస్త కనుక్కుని చెప్పు నాయనా’ అంది.

నేను ఫోను లాక్కున్నాను.