ఖాతా సంజీవని అను వాట్సాప్ వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు వాక్కు దుర్వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే తాను పూనుకున్నాననీ చెప్పి మల్లినాథసూరి తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. మన మెతుకుసీమ మనిషే, మెదక్ జిల్లా కొల్చారం వాళ్లది. ఆయన ఇంకో ఒట్టు కూడా పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయడట, అక్కర్లేనిది చెప్పడట. ఆ రెండో ఒట్టు నేను పెట్టుకోవడం లేదు. పెట్టుకుంటే ఈ వ్యాఖ్య మూడు ముక్కల్లో అయిపోతుంది: డబ్బు పంపకండి, ఆ మనిషికి ఫోన్ చేయండి, పంపేసి ఉంటే వెంటనే 1930కి చేయండి. పోలీసులు ఈ మూడు ముక్కలూ చెబుతూనే ఉన్నారు, జనం డబ్బు పంపుతూనే ఉన్నారు. వ్యాఖ్యాతకు పని పడింది అందుకే.

ముందు మూలకర్తగా లోకం భ్రమించిన వ్యక్తి గురించి. పంజాగుట్టలో ఒక చిత్రకారుడున్నాడు. పేరు నేను చెప్పను, బిరుదులతో సహా ఆయనే చెప్పుకుంటాడు. ఈమధ్య కొడుకును చూడ్డానికి న్యూజెర్సీ వెళ్లాడు. అందరు అమ్మానాన్నల్లాగే వెళ్లాడు, మనవణ్ణి ఎత్తుకున్నాడు, చలికి తిట్టుకున్నాడు. వాట్సాప్‌లో మాత్రం అది ‘పశ్చిమ గోళార్ధ సాంస్కృతిక పర్యటన’. నయాగరా దగ్గర ఫొటో దిగితే ‘జలతాండవ సాక్షాత్కారం’. కాస్ట్‌కోలో కొడుకు వెనక ట్రాలీ తోస్తే ‘పాశ్చాత్య వాణిజ్య నాగరికతావలోకనం’. ఎడిసన్‌లో ఒకరింట్లో పులిహోర పెట్టి శాలువా కప్పితే ‘అగ్రరాజ్యాన ఘన సన్మానం’. రోజూ ఉదయం ఒక యాత్రాస్మృతి, సాయంత్రం ఒకటి. యాత్ర ఇంకా నడుస్తుండగా స్మృతేమిటి స్వామీ అని అడిగినవాడు లేడు. పంజాగుట్ట ఫ్లాటుకు తాళం వేసి ఉందనీ, సంక్రాంతి దాకా రాననీ కూడా ఆ స్మృతుల ద్వారానే ఊరంతటికీ తెలిసింది.

ఒక ఉదయం ఆయన నంబరు నుంచి ఈ మూలం వెలువడింది.

మూలం

“కళాబంధూ! పశ్చిమ గోళార్ధ సాంస్కృతిక పర్యటనలో ఘన సన్మానమందుకొని మరలుచుండగా అనుకోని విపత్తు సంభవించినది. కైసంచి, కార్డులు, పాస్‌పోర్టు సమస్తమూ అపహరణకు గురైనవి. తక్షణమే నలభై వేలు ఈ నంబరుకు పంపగలరు. రాగానే తిరిగి ఇచ్చెదను. పరువు సమస్య, ఎవరికీ తెలుపవలదు.”

టీక

కళాబంధూ: సంబోధన. పేరు లేదని గమనించాలి. ఫ్రేములు కట్టే అతనికీ, రిటైర్డ్ ఇంజనీరుకూ, నాకూ ఒకే సంబోధన వచ్చింది. చిత్రకారుడు మామూలు రోజుల్లోనూ మమ్మల్ని ఇలాగే పిలుస్తాడు కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

విపత్తు, కైసంచి, అపహరణ: సుగమం. విడిచాను.

నలభై వేలు: ఇక్కడ పాఠాంతరాలున్నాయి. ఇంజనీరు గారి ప్రతిలో ‘లక్షన్నర’. ఫ్రేముల అతని ప్రతిలో ‘ఇరవై వేలు’. సి.పి. బ్రౌను ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి శుద్ధపాఠం తేల్చినట్టు ఇక్కడ తేల్చలేం, ఎందుకంటే అన్నీ శుద్ధపాఠాలే. మూలకర్త పాఠకుడి తాహతు ఎరిగి రాశాడు. ఆ ఎరుక మన చిత్రకారుడికి ఏనాడూ లేదు.

పశ్చిమ గోళార్ధ సాంస్కృతిక పర్యటన: ఇక్కడ కాసేపు ఆగాలి. విదేశాలు చూసిన చిత్రకారులు మనకు లేకపోలేదు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, లండన్ స్లేడ్ స్కూలు మీదుగా పారిస్ వెళ్లాడు. అక్కడ హేటర్ నడిపే అటెలియే 17 అనే ముద్రణశాలలో, ఒకే లోహపు పలక నుంచి ఎన్నో రంగులు ఒక్కసారే కాగితం మీదికి దిగే పద్ధతిని రూపుదిద్దిన వాళ్లలో ఒకడయ్యాడు. కిటుకు నూనెలో ఉంది. రంగులో నూనె పాలు మారితే జిగట మారుతుంది. జిగట తేడా ఉన్న రెండు రంగులు ఒకదాని మీద ఒకటి పడ్డా కలవవు. మెత్తటి రోలరు పలక లోతుల్లోకి దిగుతుంది, గట్టి రోలరు పైపైన పోతుంది. గుడివాడ ప్రాంతం వాడు ఎస్.వి. రామారావు కూడా 1960లలో అదే స్లేడ్ స్కూల్లో చదివి తర్వాత షికాగో చేరాడు. వీళ్లు పరదేశంలో ఏం చూశారో తెలియాలంటే వాళ్ల పలకల ముందూ కాన్వాసుల ముందూ నిలబడాలి. ఆ పలకను చూసి దొంగ నకలు తీయలేడు. ‘సాంస్కృతిక పర్యటన’ను తీయగలడు. తీశాడు.

ఇంతకీ చెప్పడం మరిచాను, ఫ్రేముల అతను ఇరవై వేలూ పంపేశాడు. అమీర్‌పేట గల్లీలో చిన్న దుకాణం. నలభై అయిదు డిగ్రీలకు కోసిన టేకు పట్టీల మూలలకు ఫెవికాల్ రాసి, కుడి చేత్తో అదిమి పట్టుకుని, ఎడమ బొటనవేలితో ఫోనులో పిన్ను నొక్కాడు. సాయంత్రం చిత్రకారుడి కొడుకు ఫోన్ చేసి సంగతి చెప్పేదాకా అది మోసమని తెలియదు. నేను వెళ్లేసరికి మూల అతికింది, మనిషి కూలబడి ఉన్నాడు. “సారు ఎప్పుడు గిట్లనే రాస్తడు గద సార్, నాకేమెరుక?” అన్నాడు.

నాకు కోపం వచ్చింది దొంగ మీద కాదు. ఒక మనిషి ఇన్నేళ్లు మాట్లాడి, తన మాట ఇది అని గుర్తుపట్టడానికి ఒక్క ఆనవాలు మిగల్చలేదే అని.

ఆనవాలు అన్నాం కనుక నైషధం. (మారీచుడు రాముడి గొంతుతో అరిచిన కథ అందరూ చెప్పేస్తారు, విడిచాను.) దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి రూపంలో వచ్చి నలుడి పక్కనే కూర్చున్నారు. ఎదురుగా అయిదుగురు నలులు. సంస్కృత నైషధంలో శ్రీహర్షుడు ఈ ఘట్టాన్ని పదమూడో సర్గలో పెట్టి పండితుల మీద పగ తీర్చుకున్నాడు. సరస్వతే స్వయంగా వరుల్ని పరిచయం చేస్తుంది. అబద్ధం చెప్పకూడదు, దేవతల గుట్టు విప్పకూడదు. అందుకని ఒక్కో శ్లోకం అటు దేవుడికీ ఇటు నలుడికీ అతికేట్టు చెబుతుంది. చివరికి వచ్చే శ్లోకం అయిదుగురికీ అతుకుతుంది. దీన్ని పంచనలీయం అంటారు. మల్లినాథుడు నైషధానికి రాసిన వ్యాఖ్య పేరు జీవాతువు, అంటే బతికించే మందు. అక్కడిదాకా చదివిన శిష్యుణ్ణి తలుచుకునే ఆ పేరు పెట్టి ఉంటాడు. శ్రీనాథుడు దీన్ని తెలుగు చేస్తే, నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్యమన్నారట సంస్కృత పండితులు. చాటుకథే కావచ్చు. మన చిత్రకారుడి స్మృతుల్లోంచి డుమువులు తీసేస్తే తిరిగి ఇవ్వడానికి వెనక నైషధమూ లేదు. వేదం వేంకటరాయశాస్త్రి గారు శృంగార నైషధానికి సర్వంకష వ్యాఖ్య రాస్తూ ఈ ఘట్టంలో ఎంత ఓపిక పట్టారో తలుచుకుంటే, ఒక వాట్సాప్ సందేశానికే ఆయాసపడుతున్న నా మీద నాకు జాలి వేస్తుంది.

అసలు సంగతి పరీక్షలో ఉంది. భారతంలో చెప్పిన గుర్తులు ఇవి: దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో దండ వాడదు, ఒంటికి దుమ్మంటదు, పాదం నేలను తాకదు, నీడ పడదు. 2018లో అమెరికాలో ఆల్బనీ విశ్వవిద్యాలయం పరిశోధకులు డీప్‌ఫేక్ వీడియోలను పట్టే ఉపాయం ఒకటి చెప్పారు. ఏమిటయ్యా అంటే, ఆ నకిలీ ముఖాలు మనుషుల్లా రెప్ప వేయవట! దమయంతి కనిపెట్టిన పరీక్షే. అయితే అది బయటపడ్డాక నకిలీలు చేసేవాళ్లు రెప్ప వేయించడం నేర్చుకున్నారు. ఇంకో తేడా కూడా ఉంది. దమయంతి సత్యం మీద ఒట్టేసి వేడుకుంటే దేవతలు మర్యాదగా తమ గుర్తులు తామే బయటపెట్టారు. మోసగాడు ఆ పని చేయడు.

కానీ ఒక్క నీడ మాత్రం దాచలేకపోయాడు. యూపీఐలో డబ్బు పంపేముందు, ఎవరి ఖాతాకు వెళుతోందో ఆ పేరు తెర మీద కనిపిస్తుంది. ఫ్రేముల అతనికీ కనిపించింది. అది చిత్రకారుడి పేరు కాదు, ఎవరో కుర్రాడి పేరు. కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చేవాళ్లలో ఒకడై ఉంటాడు. “ఎవరో సారు దోస్తు అనుకున్న” అన్నాడు.

శంక: గొంతు విని పోల్చుకోవచ్చు కదా?

సమాధానం: వరంగల్లు మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ బతికుండగా ఈ శంక వేయగలిగేవాళ్లా? 1932లో పుట్టి 2018లో పోయేదాకా ఆయన తన గొంతులో ఎంతమందిని మోశాడు! దేశదేశాలు తిరిగాడు, ఐక్యరాజ్యసమితిలోనూ వినిపించాడు, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. విదేశయాత్ర చేసిన కళాకారుడంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే. పెట్టెలో ఏం తీసుకెళ్లాడో గానీ గొంతులో ఒక ఊరంతటినీ తీసుకెళ్లాడు. ఇప్పుడు ఎవరి గొంతు వినిపిస్తున్నానో ముందే చెప్పి మరీ వినిపించేవాడు. ఇప్పటి యంత్రానికి ఆ నియమం లేదు, ఆ సాధనా అక్కర్లేదు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వాల్-ఈ అనే మోడల్‌కు మూడు సెకన్ల గొంతు నమూనా చాలన్నారు. మన చిత్రకారుడు ప్రతి సన్మానం నుంచీ ప్రసంగం మొత్తం వీడియో పెడతాడు. దొంగకు కావలసిన మూడు సెకన్లూ ‘సభకు నమస్కారం’ దగ్గరే దొరుకుతాయి.

శంక: అసలు ఖాతా ఎట్లా పోయింది?

సమాధానం: సన్మానం వల్లే. ‘అంతర్జాతీయ కళాపురస్కారం’ అంటూ ఒక కాల్ వచ్చింది. పేరు నమోదుకు మీ ఫోనుకు ఆరంకెలు వస్తాయి, చదవండి అన్నారు. చదివాడు. ఆ ఆరంకెలే వాట్సాప్‌ను ఇంకో ఫోనులో తెరిచే తాళంచెవి. సెట్టింగ్స్‌లో ఖాతా అనేచోట రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని ఉంటే, సొంతంగా పెట్టుకున్న పిన్ను కూడా అడిగేది, దొంగ గడప దగ్గరే ఆగేవాడు. పెట్టుకోలేదు. పురస్కారమన్న మాట చెవిన పడ్డాక ఆయనకు ఇంకేదీ వినిపించదు.

రాగానే తిరిగి ఇచ్చెదను: ప్రక్షిప్తం. మూలంలో నిస్సందేహంగా పరహస్తం కనిపించే చోటు ఇదొక్కటే. చిత్రకారుడి సమస్త వాఙ్మయంలో ‘తిరిగి ఇచ్చెదను’ అనే క్రియ ఎక్కడా లేదు. ఫ్రేముల అతని బాకీ పుస్తకమే ప్రమాణం. పోయిన ఏడాది ప్రదర్శన ఫ్రేముల డబ్బు అందులో ఇంకా అట్లాగే ఉంది.

ఎవరికీ తెలుపవలదు: ఈ రెండు మాటల మీదే దొంగ బతుకుతాడు. పక్కవాడికి చెబితే పక్కవాడు నవ్వుతాడు, నవ్వితే మోసం చెడుతుంది. సీబీఐ అనో కస్టమ్స్ అనో చెప్పి డిజిటల్ అరెస్ట్ చేశామని వీడియో కాల్లో గంటల తరబడి కూర్చోబెట్టేవాళ్లూ మొదట చెప్పే మాట ఇదే. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని ప్రధాని 2024 అక్టోబర్‌లో మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ టీక కాస్త పక్కన పెడతాను. దొంగ ఫ్రేముల అతనితో తెలుగులో మాట్లాడాడు. ‘అన్నా, వచ్చిందా?’ అని రెండోసారి మెసేజీ కూడా పెట్టాడు. అతని డబ్బు దాచిన బ్యాంకు అతనితో ఏ భాషలో మాట్లాడుతుంది? హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో. ఎప్పుడైనా తెలుగులో వస్తే ‘అనధికార లావాదేవీల విషయమై అప్రమత్తత వహించవలసినదిగా’ అని. అదీ చిత్రకారుడి బాణీయే. వెళ్లి అడిగితే కౌంటర్లో అమ్మాయి మెయిల్ పెట్టమంది. అతనికి మెయిల్ లేదు, బాకీ పుస్తకం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కాకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు చెబితే అతనికి నష్టం రాకూడదని. కానీ అది అనధికార లావాదేవీల మాట. ఇతను తన వేలితో తానే పిన్ను నొక్కాడు. శాస్త్రప్రకారం అది అధికార లావాదేవీ. ఇన్ని కంపెనీలు మనిషి నొప్పి తెలిసి యాడ్లు రాయించుకుంటాయే, ‘తమ్ముడూ, పేరు చూసి నొక్కు’ అని రాయించడానికి ఒక్క బ్యాంకుకు చేతకాదా?

1930కి చేశాం. ఆ కాల్‌తో ఫిర్యాదు నంబరు వస్తుంది, డబ్బు చేతులు మారిన ఖాతాల బ్యాంకులన్నిటికీ సమాచారం పోతుంది, ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ ఆపేస్తారు. ఖాతా నుంచి ఖాతాకు డబ్బు దూకడానికి నిమిషాలు చాలు, అందుకే గంటల లెక్క. పొద్దున పంపింది సాయంత్రానికి తెలిసింది, కొంతే ఆగింది. ఆగింది వెంటనే చేతికి రాదు. 2024 నుంచి తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు లోక్ అదాలత్‌ల ద్వారా ఇప్పిస్తున్నారు. అతని వంతు ఇంకా రాలేదు.

తాత్పర్యము

చిత్రకారుడు క్షేమం, ఆయన కైసంచీ క్షేమం. నాలుగు రోజులకు ఖాతా తిరిగి ఆయన చేతికి వచ్చింది. వెంటనే అందరికీ రాశాడు: “కళాబంధువులారా! నా సామాజిక మాధ్యమ ఖాతా దుష్టశక్తుల హస్తగతమైనది. ఆ సందేశమును విశ్వసింపవలదు.”

ఎవరూ నమ్మలేదు. ఇంజనీరు గారు ఆ సందేశాన్నే మోసం కింద ఫిర్యాదు చేశారు. పాపం చిత్రకారుడు ఫ్రేముల అతనికి ఫోన్ చేసి, తానే మాట్లాడుతున్నానని ప్రమాణం చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఫ్రేముల అతను ఫోన్ స్పీకర్లో పెట్టి, కాసేపు ఆలోచించి, “సార్, మీరు నాకు బాకీ ఎంత?” అని అడిగాడు.

“బాకీయా? ఏం బాకీ?”

అతను ఫోన్ చేత్తో మూసి నా వైపు తిరిగాడు. “సారే, సార్.”