పబ్బులో పనిమంతుడు

2020 అక్టోబరు 17న లండన్ నగరం టియర్ 2లోకి, అంటే కరోనా ఆంక్షల్లో రెండో అంచెలోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి వేర్వేరు ఇళ్ళలో ఉండే ఇద్దరు స్నేహితులు పబ్బు లోపల ఒక బల్ల దగ్గర కూర్చోవడం నేరం. మొదటిసారి పట్టుబడితే 200 పౌండ్లు, తర్వాత పట్టుబడ్డ కొద్దీ రెట్టింపవుతూ 6,400 పౌండ్ల దాకా జరిమానా. అయితే ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది: పని కోసం తప్పనిసరిగా కలవాల్సి వస్తే నిషేధం వర్తించదు. ఎంతమంది కలవచ్చు? 30 మంది దాకా. అంటే ఒక అన్నా ఒక తమ్ముడూ చెరో పైంటు బీరు ముందు పెట్టుకుని తల్లి మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటే తప్పు. 30 మంది బీమా ఏజెంట్లు భోంచేస్తూ ప్రీమియాల గురించి మాట్లాడుకుంటే ఒప్పు. ఈ తప్పుకీ ఒప్పుకీ మధ్య ఒక సందుంది. ఆ సందులోంచి కోటు దులుపుకుంటూ బయటికి వచ్చినవాడే మన కథానాయకుడు. ఆయనకు పనిమంతుడని పేరు పెట్టుకుందాం.

ఆయన్ని గుర్తుపట్టడానికి ఒక్క చూపు చాలు. మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు వేలాడుతుంటుంది. మార్చి నుంచి ఆ కార్డు ఏ తలుపునూ తెరిచిన పాపాన పోలేదు. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంటుంది గానీ దాని తెర ఆయన వైపు కాక వీధి తలుపు వైపు తిరిగి ఉంటుంది. తెర మీద పైపైకి ఎగబాకే గీతలతో ఒక గ్రాఫు కనిపిస్తుంది. అది దేని గ్రాఫని అడిగితే ఆయనే తల గోక్కుంటాడు. సమావేశానికి వచ్చినవాళ్ళు ముగ్గురు: ఒకరు చిన్ననాటి స్నేహితుడు, ఒకరు బావమరిది, ఒకరు పళ్ళ డాక్టరు. ఈ నలుగురినీ కలిపే వ్యాపారమేమిటంటే మాత్రం తడుముకోడు, ‘కన్సల్టింగ్’ అంటాడు. ఆ నెలల్లో బారు దగ్గరికి వెళ్ళి తెచ్చుకునే వీలు లేదు, కూర్చున్న చోటికే తెచ్చివ్వాలి. కాబట్టి మాస్కు పెట్టుకున్న అమ్మాయి ట్రే పట్టుకుని వస్తున్నట్టు కనపడగానే పనిమంతుడి గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది: ‘అయితే మూడో క్వార్టరు అంకెలు చూసుకుంటే…’ అమ్మాయి గ్లాసులు పెట్టి వెనక్కి తిరగ్గానే మూడో క్వార్టరు ఆగిపోయి, ఫుట్‌బాల్ ఆటలో రెండో సగం మొదలవుతుంది. రాత్రి పదికల్లా తలుపులు మూయాలన్నది అప్పటి చట్టం. అందుకని తొమ్మిదీ ముప్పావు అయ్యేసరికి ఎజెండాలో అత్యవసర అంశమొకటి తప్పకుండా వచ్చి పడేది, దాన్ని ఇంకో రౌండు లేకుండా తేల్చడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఈయన్ని దొంగ అనడం తేలిక. అసలు ఆ దేశం మొత్తమ్మీద ప్రభుత్వం మాటను ఇంత శ్రద్ధగా విన్నవాడు ఇంకొకడు లేడని నేనంటాను. ఆ ఏడాది క్యాలెండరు తిరగేస్తే సంగతి తెలుస్తుంది. మార్చి 20న పబ్బులన్నీ మూసెయ్యమన్నారు, మూసేశారు. జులై 4న తెరవమన్నారు, తెరిచారు. ఆగస్టు నెలంతా సోమ, మంగళ, బుధవారాల్లో హోటలుకెళ్ళి తినండి, బిల్లులో సగం, తలకు 10 పౌండ్ల దాకా, మేమే కడతామన్నారు. జనం 16 కోట్ల పైచిలుకు భోజనాలు లాగించి ఖజానాకు సుమారు 85 కోట్ల పౌండ్ల బిల్లు పెట్టారు. సెప్టెంబరు 14 నుంచి ఆరుగురికి మించి గుమిగూడొద్దన్నారు. అదే నెల 22న, వీలున్నవాళ్ళంతా మళ్ళీ ఇంటి నుంచే పని చెయ్యండన్నారు. అక్టోబరులో, స్నేహితులతో పబ్బుకు పోవద్దు, పని ఉంటే మాత్రం పోవచ్చన్నారు. ఆగస్టులో దేశభక్తితో తినమన్న పౌరుణ్ణే సెప్టెంబరులో ఇంట్లో కూర్చోబెట్టి, అక్టోబరులో పని మీదైతేనే గడప దాటమంటే, ఆ పౌరుడు మాత్రం ఏం చేస్తాడు? పని మీదే గడప దాటాడు. చట్టం స్నేహానికి సున్నా మార్కులు వేసి పనికి నూటికి నూరు వేసినప్పుడు, స్నేహం వెళ్ళి పని బట్టలు తొడుక్కు రావడంలో వింతేముంది? ఏ సరుకు మీద పన్ను లేకపోతే ప్రతి మూటకూ ఆ సరుకు చీటీయే అతికిస్తారు. అది మనిషి సహజ గుణం. చట్టం రాసేవాడు ముందే లెక్కలో వేసుకోవలసిన గుణం.

ఆ మినహాయింపు అసలు పెట్టడమే తప్పు అనేవాళ్ళున్నారు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. కరోనా రాకముందు బ్రిటన్‌లో సొంతంగా పని చేసుకునేవాళ్ళు దాదాపు 50 లక్షల మంది. వాళ్ళలో చాలామందికి ఆఫీసన్నది లేదు. ఇల్లంటే పిల్లలు పరుగులు పెట్టే ఒక గదీ, పడకగది మూలనున్న ఇస్త్రీ బల్లా. కొత్త ఖాతాదారుతో కాగితాల మీద సంతకం పెట్టించుకోవాలన్నా, పెళ్ళి ఫోటోగ్రాఫరు తన ఆల్బమ్ ఎవరికైనా చూపించాలన్నా వాళ్ళకు ఏదో ఒక బల్ల కావాలి. అదే సమయంలో పబ్బుల వాళ్ళ దగ్గర బల్లలు బోలెడు, మనుషులు లేరు. ఆఫీసులు ఖాళీ అయ్యాక లండన్ సిటీ ప్రాంతంలో సాయంత్రం అయిదున్నరకు తోసుకుంటూ లోపలికొచ్చే గుంపు మాయమైంది. ఇద్దరి అవసరమూ కలిసి ఒక కొత్త బేరం పుట్టింది: పగటిపూట పబ్బును ఆఫీసుగా అద్దెకిచ్చే బేరం. బ్రూడాగ్ అనే బీరు కంపెనీ తన బార్లలో డెస్క్‌డాగ్ పేరుతో రోజుకు 7 పౌండ్లకు బల్ల, వైఫై, ఎంత తాగినా వద్దనని కాఫీ, పని ముగిశాక ఒక పైంటు బీరు ఇస్తానంది. ఇంకా కొన్ని పబ్బుల వాళ్ళు కాఫీతోపాటు మధ్యాహ్న భోజనం కూడా కలిపి రేట్లు పెట్టారు.

దాంతో పనిమంతుల్లో పగటి శాఖ తయారైంది. ఇతగాడు నిజంగానే పని చేస్తాడు, చిక్కేమిటంటే పనంతా గట్టిగా చేస్తాడు. తలుపు తెరిచేసరికే వచ్చి ప్లగ్ పాయింటు పక్కనున్న కుర్చీ పడతాడు. నలుగురి బల్లలో ఒకడే కూర్చుని, ఒక కుర్చీలో కోటు, ఒక కుర్చీలో సంచి, ఒక కుర్చీలో చార్జరు కూర్చోబెడతాడు. జూమ్‌లో మాట్లాడేటప్పుడు వెనకున్న బీరు పంపులు కనపడకుండా పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకుంటాడు. గ్లాసుల గలగలను దాచే బొమ్మ మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. తన కంపెనీ రహస్యాలన్నీ పక్క బల్ల వాళ్ళకు బట్టీ వచ్చేదాకా మాట్లాడతాడు. పబ్బులు బతికాయంటే మా చలవేనని ఇతని వాదన. 7 పౌండ్లలోంచి ఎనిమిది గంటల హీటరు ఖర్చు, కరెంటు, ఆరేడు కప్పుల కాఫీ, ఒక పైంటు బీరు తీసేస్తే యజమానికి మిగిలేది చిల్లర. ఖాళీ కుర్చీ కన్నా ఆ చిల్లర నయమని యజమాని సర్దుకున్నాడు. అది ఇతను చేసిన ఉపకారం కాదు, అతని గతిలేనితనం.

ఇంగ్లండులో పబ్బూ కాఫీ హోటలూ ఎప్పుడూ పనిచోట్లేనని, పనిమంతుడు చరిత్ర పుస్తకాన్ని కూడా సాక్ష్యానికి పిలుస్తాడు. పిలిస్తే వచ్చే సాక్షులు తక్కువవాళ్ళేం కారు. ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన 17వ శతాబ్దం చివర్లో లండన్‌లో కాఫీ హోటలు నడిపితే, అక్కడికొచ్చే ఓడల వ్యాపారుల ముచ్చట్లలోంచే లాయిడ్స్ బీమా సంస్థ ఎదిగింది. జొనాథన్స్ అనే ఇంకో కాఫీ హోటల్లో షేర్ల దళారులు చేరి బేరాలాడుకోగా ఆడుకోగా స్టాక్ ఎక్స్చేంజీ తయారైంది. అనుమానాస్పద మరణాల మీద కరొనరు విచారణలు 19వ శతాబ్దమంతా చాలా ఊళ్ళలో పబ్బుల్లోనే సాగేవి. 1863 అక్టోబరు 26న ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కూర్చున్న కొందరు పెద్దమనుషులు ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టి, ఆ డిసెంబరు లోపల ఆరుసార్లు కలిసి ఆటకు 13 నియమాలు రాసి లేచారు. సాక్షులు చెప్పిందంతా నిజమే. అయితే ఇదే సాక్ష్యం పనిమంతుడి మెడకు చుట్టుకుంటుంది. వాళ్ళు లేచేటప్పటికి బల్ల మీద ఒక బీమా కాగితమో, ఒక తీర్పో, ప్రపంచమంతా ఆడుకోబోయే ఒక ఆటో ఉన్నాయి. మనవాడు లేచేటప్పటికి బల్ల మీద ఉన్నది వచ్చే గురువారం మళ్ళీ కలవాలన్న తీర్మానం ఒక్కటే.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ వైరస్‌ది. దానికి ఎజెండా చదవడం రాదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు సహోద్యోగులా స్నేహితులా అని విచారించి ఊపిరితిత్తుల్లోకి దిగే అలవాటు దానికి లేదు. మూసిన గదిలో, గంటల తరబడి, మాస్కులు తీసి, గట్టిగా మాట్లాడుతూ తినడం తాగడం దానికి ఇష్టమైన సందర్భం. పని భోజనమూ అదే, పుట్టినరోజు భోజనమూ అదే. ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఇది పనిమంతుడి కన్నా ముందు ఆ నిబంధనకు తగిలే వాదన. 30 మంది ఉద్యోగులకు లేని ప్రమాదం ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నిబంధన రాసినవాళ్ళే చెప్పాలి. పైగా దాన్ని అమలు చేసే బరువును పబ్బు యజమాని నెత్తిన పెట్టారు. నియమం తప్పిన వ్యాపారానికి 10,000 పౌండ్ల దాకా జరిమానా. పాపం ఆయన తలుపు దగ్గర నిలబడి ‘పని మీదేనా సార్?’ అని అడగాలి, లోపలికి వచ్చేవాడు ‘పని మీదే’ అనాలి. ఆ రెండు వాక్యాలతో చట్టం తృప్తి పడేది. ఈ నాటకంలో పాత్ర లేనివాళ్ళు ఎవరంటే రిటైరైన ముసలాయన, ఉద్యోగం పోయిన కుర్రాడు, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆవిడ. పనంటూ లేనివాళ్ళకు ఈ మినహాయింపూ లేదు. మనిషి ముఖం చూడ్డం ఎక్కువ అవసరమైంది వాళ్ళకే. అసలు అన్యాయమంటే నేను దీన్నంటాను, ల్యాప్‌టాప్ నాటకాన్ని కాదు.

నిబంధన అలా ఎందుకు రాశారో ఏడాది తిరిగాక తేటతెల్లమైంది. 2020 మేలో, బయట కూడా ఇంకో ఇంటి మనిషిని ఒక్కరిని మాత్రమే కలవొచ్చన్న రోజుల్లో, డౌనింగ్ స్ట్రీట్ తోటలో వైనూ జున్నూ ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్ళ ఫోటో ఒకటి 2021 డిసెంబరులో పత్రికకెక్కింది. అందులో అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ కూడా ఉన్నారు. వాళ్ళంతా పనిలో ఉన్నారని ఆయన సమాధానం. అదే మే 20న అదే తోటలో, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోమని ఈమెయిలు పంపి మరీ జరిపిన విందు గురించి 2022 జనవరి 12న పార్లమెంటులో నిలదీస్తే, అది పనికి సంబంధించిన కార్యక్రమమేనని నమ్మానన్నారు. డౌనింగ్ స్ట్రీట్, వైట్‌హాల్ విందుల మీద లండన్ పోలీసులు చివరికి 83 మందికి 126 జరిమానాలు వేశారు. ప్రధానికీ ఒకటి పడింది. ఆయన అబద్ధమాడారని చాలామంది తిట్టారు. మనసా వాచా నమ్మే చెప్పారేమోనని నా అనుమానం. తోటివాళ్ళతో గ్లాసు పట్టుకుని నిలబడటం పని కాదని తోచే అవకాశమే లేని కొలువులో పెరిగినవాళ్ళు రాసిన చట్టమది. తమ బతుకు ఎలా ఉందో అలాగే రాశారు. పబ్బులోని పనిమంతుడు ఆ మూలప్రతికి నకలు మాత్రమే, అదీ తన డబ్బుతో తాగిన నకలు.

పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందని మన సామెత. ఈ పందిరి కూలడానికి అంత తోక కూడా అక్కర్లేకపోయింది. 2020 నవంబరు 5న దేశమంతా మళ్ళీ లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. డిసెంబరు 2న టియర్లు తిరిగొచ్చేసరికి, కడుపునిండే భోజనంతోపాటు తప్ప మందు పోయకూడదనే షరతు గట్టిపడింది. అప్పుడు దేశం ముందున్న ప్రశ్న స్కాచ్ ఎగ్, అంటే మాంసపు ఖీమా చుట్టి వేయించిన కోడిగుడ్డు, భోజనమా కాదా అన్నది. అవుననే అనుకుంటానని ఒక మంత్రి, నా లెక్కన అవి రెండు తిన్నా భోజనానికి ముందు తినే స్టార్టరేనని ఇంకో మంత్రి, ఆ రెండో ఆయనే అదే రోజు మాట మార్చి భోజనమేనని. పనిమంతుడు ఆ గుడ్డునూ వదిలిపెట్టలేదు, ముందు పెట్టుకుని రెండు గంటల సమావేశం నడిపాడు. డిసెంబరు 16న లండన్ టియర్ 3లో పడి పబ్బులు మూతపడ్డాక గానీ ఆయన గ్రాఫు కిందికి దిగలేదు.

తీర్పు చెప్పమంటే, చట్టాన్ని మోసం చేశాడన్న నేరం మీద పనిమంతుణ్ణి నేను నిర్దోషిగా వదిలేస్తాను; చట్టం అడిగిన అబద్ధాన్నే అతను చెప్పాడు. ఒక్క లెక్క మాత్రం మిగిలిపోయింది. ఆ అక్టోబరు రాత్రుల్లో టీకా లేదు, బస్సులో ఇంటికి పోవాలి, తలుపు తీస్తే అమ్మానాన్నలుంటారు. అయినా ఒక అమ్మాయి మాస్కు వేసుకుని అతని ‘మూడో క్వార్టరు’ మధ్యలోకి ఎనిమిదిసార్లు ట్రే మోసింది. లండన్ బిల్లుల్లో సర్వీసు కింద 12.5 శాతం కలపడం మామూలు, ఇష్టం లేకపోతే తీయించుకోవచ్చు. పనిమంతుడు తీయించుకుని ఉంటే, వడ్డీతో సహా వసూలు చెయ్యాలి.