హౌసింగ్ ఆయిల్ వాసన చూసేవాళ్ళేరీ?

మా రోజుల్లో బండి వెనక డిఫరెన్షియల్ ఉండే హౌసింగ్ నుంచి ఆయిల్ దించితే ముందు ముక్కుకు పని పడేది. నేను రాజంపేట నుంచి కువైట్ వెళ్ళి, షువైఖ్‌లో ఒక షెడ్డులో చేరింది 1986లో. మా ఉస్తాదు మలయాళీ. కారుతున్న నూనెను వేలి మీద పట్టి, బొటనవేలితో రాసి, "చెప్పు, ఏముంది ఇందులో?" అని నా ముక్కు దగ్గర పెట్టేవాడు. చెప్పేదాకా కొత్త డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు.

గేర్ ఆయిల్‌కు గంధకం కంపు ఉంటుంది, అది దాని సహజం. మాడు వాసన వేరు. ఆ తేడా పుస్తకం చదివితే తెలిసేది కాదు. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టుకు నల్లటి మెత్తటి ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదల, భయం లేదు. గోరంత ముక్క తగిలితే మాత్రం క్రౌనో పినియనో పన్ను విరిగినట్టే. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్ళు దిగాయి. ఇప్పుడు పిల్లలు దించిన ఆయిల్ వైపు చూడకుండానే డ్రమ్ములో కుమ్మరిస్తున్నారు. కడుపు మండుతుంది.

కువైట్‌లో చలికాలం వస్తే జనం ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటారు. నిస్సాన్ పాట్రోల్ బండ్లు ఇసుకలో నలిగి మా దగ్గరికి వచ్చేవి. వాటికి వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఎల్‌ఎస్‌డి. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం ఇసుకలో ఊరికే తిరుగుతుంటే రెండోది కదలదు. ఎల్‌ఎస్‌డిలో సైడ్ గేర్ల వెనక క్లచ్ ప్లేట్లుంటాయి. అవి ఒకదాన్నొకటి నొక్కుకుని రెండో చక్రానికీ బలం పంపుతాయి. ఆ ప్లేట్లు మునిగి ఉండేది గేర్ ఆయిల్‌లోనే. పళ్ళు అరగకుండా కాయాలి, ప్లేట్లకు పట్టు ఇవ్వాలి, మలుపులో మెత్తగా జారనివ్వాలి. మూడూ ఆ ఒక్క నూనె పనే.

జారనిచ్చేది ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందు. వేడికి, వాడకానికి దాని సత్తువ పోతుంది. అప్పుడు ప్లేట్లు పట్టి వదులుతూ, పట్టి వదులుతూ ఉంటాయి. సందు మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి కటకటమని వినిపించేది అదే. మందు ఎక్కువ పోశారా, పట్టు తప్పి ఇసుకలో మామూలు బండిలాగే కూర్చుంటుంది. పూర్తిగా గేర్లతోనే పనిచేసే టోర్సెన్ రకానికైతే ఆ మందుతో పనే లేదు. 1970ల మొదటిదాకా అమెరికా కార్ల ఎల్‌ఎస్‌డి ఆయిల్‌లో తిమింగలం నూనె కలిపేవారంటే ఆ జారుడుకు ఎంత విలువో చూడండి.

ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్ళినా ఒకటే డ్రమ్ము. గేర్‌బాక్సుకూ అదే, హౌసింగుకూ అదే. "రెండూ గేర్ ఆయిలే కదా అన్నా" అంటారు. కాదు నాయనా! హౌసింగుకు పోసే జీఎల్-5లో గంధకం మందు ఎక్కువ. కొన్ని రకాలు గేర్‌బాక్సులోని ఇత్తడి రింగుల్ని తినేస్తాయి. ఎల్‌ఎస్‌డి హౌసింగుకు ఉత్త జీఎల్-5 పోసినా చాలదు. పాత జపాన్ బండ్లకు ఫిల్లింగ్ బోల్టు పక్కన 'ఎల్‌ఎస్‌డి ఆయిల్ మాత్రమే' అని చిన్న రేకు ఉండేది. దాని మీద మట్టి తుడిచి చదివేంత ఓపిక మాకుండేది.

మొన్న మా అక్క కొడుకు ఎల్‌ఎస్‌డి బండి మలుపులో కటకటలాడుతుంటే పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళాడు. డిఫరెన్షియల్ మొత్తం మార్చాలని లెక్క రాసిచ్చారంట. బోల్టు విప్పి చూశారా అనడిగితే లేదు మామా అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మా పెరట్లోనే బండి కింద పడుకున్నా. ముందు ఫిల్లింగ్ బోల్టు వదులు చేశా. అది రాకుండా కింద దించేస్తే మళ్ళీ పోసే దారుండదని ఈ కాలం వాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. ఆయిల్ నల్లగా, మాడు వాసనతో దిగింది. ముక్క ఒక్కటి లేదు. సరైన ఎల్‌ఎస్‌డి ఆయిల్ పోసి, రెండు వెనక చక్రాలూ లేపి, న్యూట్రల్‌లో ఒకటి చేత్తో తిప్పితే రెండోది అటే తిరిగింది. ప్లేట్లకింకా ప్రాణముంది! ఒక చక్రమే లేపి ఇంజన్‌తో గేర్‌లో తిప్పకూడదు. నేల మీది చక్రం లాగితే బండి జాకీ మీంచి దూకుతుంది. ఒక షెడ్డులో అలా దూకడం కళ్ళారా చూసినవాణ్ణి.

తర్వాత ఊరి బయట బడి మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పమన్నా, కొత్త నూనె ప్లేట్ల సందుల్లోకి పాకాలని. మొదటి నాలుగు చుట్లూ కటకట వినబడింది. పదో చుట్టుకు ఆగిపోయింది.

దించిన పాత ఆయిల్ సీసాలో పట్టి అటక మీద పెట్టా. మా వీధి షెడ్డులో చేరిన కుర్రాడు నిన్న వస్తే మూత తీసి ఇచ్చా, "చెప్పు, ఏముంది ఇందులో?" అని.