తలనొప్పికి సాక్షులు లేరు

తలనొప్పిని చిన్నచూపు చూసేవాళ్ళకు ముందుగా కొంచెం చరిత్ర చెప్పాలి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచిపెట్టేవారని చెబుతారు. ఎవరి పాట వినడానికి వచ్చినవాళ్ళకు పంచారో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ పచ్చటి మందు మీద వచ్చిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు, 1924లో భారతి తెచ్చారు. 1937లో కోస్తావాళ్ళూ రాయలసీమవాళ్ళూ కూర్చుని ఒప్పందం రాసుకున్న శ్రీబాగ్ కూడా ఆయన ఇల్లే. అంటే మన జర్నలిజమూ, సాహిత్యమూ, ఆంధ్ర రాష్ట్రమూ కొంతలో కొంతైనా మన పూర్వుల కణతల మీద నిలబడ్డాయన్నమాట. ఇంత చేసిన తలనొప్పికి మా ఇంట్లో ఇప్పటికీ గౌరవం లేదు.

ఎందుకు లేదంటే, జ్వరానికి థర్మామీటరుంది. షుగరుకు వేలి మీద గుచ్చి చూసే మిషనుంది. మోకాలు నొప్పి అయితే కనీసం కుంటవచ్చు. తలనొప్పికి వాపు లేదు, దద్దురు లేదు, దగ్గు లేదు. నొప్పి వచ్చిన మనిషి నోటిమాట ఒక్కటే ఆధారం. కోడలి నోటిమాట ఏ ఇంట్లో ఆధారంగా చెల్లింది?

మాది గుంటూరు. నేను కణత పట్టుకుని మంచం మీద కూలబడగానే మా ఇంట్లో మెడికల్ బోర్డు సమావేశమవుతుంది. అధ్యక్షులు మా మామగారు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. "బీపీ చూపించుకోమ్మా" అంటారు. ఆయన లెక్కలో కాలి బొటనవేలికి ఎదురుదెబ్బ తగిలినా ముందు బీపీ చూడాల్సిందే. అత్తగారు వంటింట్లోంచే, "నిన్న తలంటుకుని జుట్టు ఆరకుండానే ముడేసుకుంది. తలకి నీరు పట్టింది. నే చెబితే వింటేగా!" అని తీర్పు ఇచ్చేస్తారు. మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "సైనస్" అంటారు. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు, "గ్యాసమ్మాయ్, పైకి తన్నింది. కాస్త వాము నమిలి వేణ్ణీళ్ళు తాగు" అంటుంది. ఇంటర్ చదివే మావాడికి ఇది ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్న అవకాశం. "ఫోను తగ్గించు మమ్మీ" అంటాడు.

ఏదీ తేలకపోతే ఉప్పూ ఎండుమిరపకాయలూ వస్తాయి. నిప్పులో వేసినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టట. తలనొప్పితో ఉన్న మనిషికి ఆ ఘాటు రాకపోవడమనేది ఉండదు. ఆ లెక్కన నాకింతవరకు ఎవరి దిష్టీ తగల్లేదు.

అదే మా ఆయనకు వస్తే ఇల్లంతా ఆస్పత్రి. నెలాఖరు లెక్కలు తేల్చి ఆఫీసు నుంచి వచ్చిన సాయంత్రం, నుదురు చుట్టూ తలపాగా బిగించి కట్టినట్టుందంటారు. అంతే, టీవీ ఆగిపోతుంది. అత్తగారు శొంఠికొమ్ము తీసుకుని సాన ముందు కూర్చుంటారు. "పిల్లాడి మొహం పీక్కుపోయింది" అంటారు. ఆ పిల్లాడికి 52 ఏళ్ళు. పిల్లాడు శొంఠిపట్టు వేసుకుని, స్కోరెంతని మధ్యమధ్యలో అడుగుతూ, రెండుసార్లు కాఫీ తాగి, పెరుగన్నం మారు కలుపుకుని తిని పడుకుంటాడు. మారు అన్నం అడగనిచ్చే తలనొప్పి ఏ జాతిదో చివరికి డాక్టరమ్మ దగ్గర తేలింది.

ఆవిడ న్యూరాలజిస్టు. మందు రాయడానికి రెండు నిమిషాలు పట్టిందేమో గానీ ప్రశ్నలు మాత్రం చాలాసేపు నడిచాయి. ఒక పక్కేనా, రెండు పక్కలా? కొట్టుకుంటుందా, బిగుస్తుందా? మెట్లెక్కితే పెరుగుతుందా? వాంతి వస్తుందా? వెలుతురు చూడగలరా? మీ అమ్మగారికి ఉండేదా? నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా తల గురించి జన్మలో ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. పెళ్ళిచూపుల్లో కూడా జడ పొడుగు దగ్గరే ఆగిపోయారు.

నాది మైగ్రేన్, మన పెద్దవాళ్ళు పార్శ్వపు నొప్పి అనేది. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. మా ఆయనది టెన్షన్ తలనొప్పి. లోకంలో ఎక్కువమందికి వచ్చేది అదే. తల రెండు పక్కలా బిగుస్తుంది, ఓ మోస్తరుగా ఉంటుంది, నడిచినా మెట్లెక్కినా పెరగదు, వాంతి ఉండదు. అరగంటలో పోవచ్చు, 7 రోజులు సాగనూవచ్చు. "అంటే నాది చిన్నదా?" అని ఆయన నొచ్చుకున్నారు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

పెద్దది ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. ముందురోజే ఊరికే ఆవలింతలొస్తాయి, మెడ పట్టేస్తుంది. తర్వాత పేపరు చూస్తుంటే హెడ్డింగులో నడిమి అక్షరం కనబడదు. ఆ ఖాళీ అంచున వంకరటింకర మెరుపుగీత ఒకటి మొదలై, మెల్లగా పక్కకు జరుగుతూ పెద్దదవుతుంది. దీన్ని ఆరా అంటారు. అందరికీ రాదు, వస్తే 5 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. అది సర్దుకునేలోపు కుడి కణతలో నాడి కొట్టుకోవడం మొదలవుతుంది. ఇక ఇంట్లో ప్రతిదీ పగవాడే: ఫ్యాను టకటక, కుక్కరు విజిలు, ఇంగువ పోపు, ట్యూబులైటు, అత్తగారి మల్లెపూలు. "మల్లెపూల వాసనకు వాంతొస్తోందట, విన్నావుటే?" అని ఆవిడ మా ఆడపడుచుకు ఫోనులో గొంతు తగ్గించే చెబుతారు. ఆ పూట నాకు వీధి చివర మాటలు కూడా వినపడతాయని ఆవిడకు తెలియదు.

"నొప్పి అనుకుంటే నొప్పి. అంతా మెదడులోనే ఉందమ్మా" అంటారు మామగారు. అసలు సంగతేమంటే మెదడుకు నొప్పే తెలియదు. మనిషి మెలకువగా మాట్లాడుతుండగానే మెదడుకు ఆపరేషన్ చేస్తారు. నొప్పి పుట్టేది మెదడు మీది పొరల్లో, రక్తనాళాల్లో, వాటి కబురు మోసే ట్రైజెమినల్ నరంలో, మెడా తలా కండరాల్లో. ఈ మాట ఆయనకు చెప్పలేదు. హెడ్మాస్టరుకు పాఠం చెప్పిన కోడలని పేరొస్తుంది.

ఇంట్లో వాళ్ళకు పెద్ద దెబ్బ స్కానింగ్ దగ్గర తగిలింది. పరీక్ష చేసి చూస్తే నరాల్లో తేడా ఏమీ లేదని, ఇలాంటి మైగ్రేన్‌కు స్కాన్ అక్కర్లేదని డాక్టరమ్మ అన్నది. "స్కానింగ్ కూడా రాయలేదా? ఏం డాక్టరు!" అన్నారు మామగారు. మన దగ్గర పెద్ద కవరులో ఫిల్ము రాని జబ్బు జబ్బు కాదు.

మైగ్రేన్ ఆడవాళ్ళకు మగవాళ్ళకంటే సుమారు 3 రెట్లు ఎక్కువ. నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోవడం దానికి ఒక కారణం. తల్లి నుంచి బిడ్డకు దిగుతుంది కూడా. మా అమ్మ తలకు గుడ్డ బిగించి కట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. ఆమెను నేనెప్పుడూ రోగి అనుకోలేదు, అమ్మలు అలాగే ఉంటారనుకున్నాను. నిద్ర తక్కువైనా, ఎక్కువైనా, తిండి వేళ తప్పినా, ఎండలో తిరిగినా ఇది వస్తుంది. విచిత్రం ఏమిటంటే ఒత్తిడి దిగిపోయాక కూడా వస్తుంది. అందుకే చాలామందికి సెలవురోజు పలకరిస్తుంది. "సరిగ్గా చుట్టాలొచ్చే ఆదివారమే ఎలా వస్తుందో" అని అత్తగారికి ఉన్న అనుమానానికి శాస్త్రీయమైన జవాబు ఇది. ఆవిడ ఒప్పుకోలేదు.

అంతర్జాతీయ తలనొప్పుల సంఘమని ఒకటుంది. వాళ్ళు 2018లో తలనొప్పుల వర్గీకరణ మూడో కూర్పు వేశారు. ప్రతి నొప్పికీ ఇంటినంబరులా ఒక నంబరు. సమావేశాల వల్ల వచ్చే తలనొప్పికి మాత్రం విడిగా నంబరు లేదు, సంఘం వాళ్ళకు అది అలవాటైపోయి ఉంటుంది. బిగుతు హెల్మెట్ వల్ల వచ్చేది 4.6.1. జుట్టు బిగించి లాగి కడితే వచ్చేది 4.6.2. చిన్నప్పుడు రెండు జడలు రిబ్బన్లతో మడిచి కట్టించుకున్న ప్రతి తెలుగు ఆడపిల్లా దీన్ని అనుభవించినదే, నంబరే తెలియదు. గబగబా ఐస్ గోళా చప్పరిస్తే వచ్చేది 4.5. 4.3 ఆలుమగల ఏకాంతానికి సంబంధించింది, దాని సంగతి ఇక్కడ వద్దు. ఉపవాసం తలనొప్పి 10.5, కనీసం 8 గంటలు ఏమీ తినకపోతే. కార్తీక సోమవారం నక్షత్రం చూసేదాకా ఉండేవాళ్ళకు ఇది తెలుసు. రోజూ 200 మిల్లీగ్రాములకు మించి కెఫీన్‌కు అలవాటుపడి మానేస్తే 24 గంటల్లో వచ్చేది 8.3.1. కాఫీ ఉపవాసానికి అడ్డం రాదని మన పెద్దవాళ్ళు ఏ శాస్త్రం చూసి చెప్పారో గానీ, రెండు తలనొప్పులు ఒకే సోమవారం కలవకుండా కాపాడారు. పెద్దవయసులో రోజూ ఒకే వేళకు నిద్రలేపే తలనొప్పి ఇంకొకటుంది. దానికి పడుకునే ముందు కప్పు కాఫీ మందుగా ఇస్తారు. మామగారు వినే ప్రమాదముందని ఇంట్లో ఈ పేజీ చదవలేదు.

మిగతా నంబర్లు విన్నాక ఆయన ఊరుకోలేదు. "సుశ్రుతుడు ఎప్పుడో 11 శిరోరోగాలు చెప్పాడు" అన్నారు. చెప్పాడు, నిజమే. పొద్దుతోపాటు ఎక్కి పొద్దుతోపాటు దిగే సూర్యావర్తం, సగం తలనే పట్టుకునే అర్ధావభేదకం అందులోవే.

ఇక బోర్డు సభ్యుల మార్కులు. అందరికన్నా ఎక్కువ అత్తగారికే వేయాలి, చేతులు వణుకుతున్నా. తలలోకి నీరు దిగడమనేది ఉండదు గానీ, తలస్నానం మైగ్రేన్‌ను లేపడం నిజం. 2006లో డాక్టర్ కె. రవిశంకర్ తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల మీద తన పరిశీలనలను ఒక అంతర్జాతీయ వైద్యపత్రికలో ప్రచురించారు. ఈ ముక్క ఇంట్లో చెప్పిన పాపానికి ఆ సాయంత్రానికల్లా మా వీధి వీధంతటికీ తెలిసిపోయింది. "నే చెప్పలేదూ! డాక్టర్లు ఇప్పుడు కనిపెట్టారు" అని.

పిన్నిగారికి సగం మార్కులు. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు మందగిస్తుంది, తిన్నది కదలదు. ఆవిడ ఫలితాన్ని పట్టుకుని కారణమనుకున్నారు. మా ఆయనకు సున్నా. సైనస్ అని జనం అనుకునే తలనొప్పుల్లో చాలావరకు మైగ్రేనే, ఎందుకంటే మైగ్రేన్‌లోనూ ముక్కు దిబ్బడ వేయొచ్చు, కంట నీరు కారొచ్చు. మామగారి బీపీ సంగతి: 180/120 లాంటి అంకెలకు పోతే తప్ప బీపీ సాధారణంగా తలనొప్పి తేదు. చప్పుడు చేయకుండా కూర్చోవడమే దాని మోసం. నాకు బీపీ లేదు. తలనొప్పి లేదు గనక తనకు అక్కర్లేదని ఎన్నడూ చూపించుకోని మామగారికి ఉంది, ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు.

మా ఆయన చొక్కా జేబులో మాత్రల షీటు ఎప్పుడూ ఉంటుంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు, ఈయన లెక్క లేకుండా వేసుకుంటారు. ఇక్కడ డాక్టరమ్మ గొంతు పెంచింది. మామూలు నొప్పిమాత్రలు నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపినవో మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లో అయితే 10 రోజులు, ఇలా 3 నెలలు దాటిస్తే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. నొప్పికి మాత్ర, మాత్రకు నొప్పి. దీనికీ నంబరుంది, 8.2. ఆయన తలనొప్పికి హోదా పెరిగినందుకు కొంచెం సంతోషించారనే నా అనుమానం.

నవ్వడానికి వీల్లేనివి కొన్ని ఉన్నాయి. క్లస్టర్ తలనొప్పి ఎక్కువగా మగవాళ్ళకు వస్తుంది. ఒక కంటి వెనక, 15 నిమిషాల నుంచి 3 గంటలు. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, మనిషి ఒకచోట కూర్చోలేక పచార్లు చేస్తాడు. పంటి నొప్పనుకుని మంచి పన్ను పీకించుకున్నవాళ్ళున్నారు. ఇంకా, నిమిషంలోపే పిడుగులా విరుచుకుపడిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకున్న నొప్పి, మూతి వంకరో మాట ముద్దో కాలూచెయ్యీ పట్టు తప్పడమో తోడొచ్చిన నొప్పి, తలకు దెబ్బ తగిలాక వచ్చినది, చూపు మసకబార్చేది, గర్భంతో ఉండగా వచ్చిన గట్టి నొప్పి, 50 దాటాక కొత్తగా మొదలైనది: వీటికి శొంఠీ వద్దు, బోర్డు సమావేశమూ వద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మిగతావాటికి ఇంట్లోవాళ్ళు చేయాల్సింది తక్కువే. ఎవరైనా తల పట్టుకుని చీకటి గదిలోకి వెళితే దయచేసి కారణం చెప్పకండి. లైటు తీసేసి, టీవీ గొంతు తగ్గించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. పది నిమిషాలకోసారి తలుపు తీసి "తగ్గిందా?" అని మాత్రం అడక్కండి. తగ్గితే మేమే బయటికొస్తాం.