ఓడ పేరు

1941 డిసెంబరు 7, ఆదివారం పొద్దున. పెర్ల్ హార్బర్‌లో ఆగి ఉన్న వెస్ట్ వర్జీనియా యుద్ధనౌకలో డోరిస్ మిల్లర్ ఉతకాల్సిన బట్టలు పోగుచేస్తున్నాడు. టెక్సస్‌లో కౌలు చేసుకునే కుటుంబంలో పుట్టినవాడు, వయసు 22. ఆ ఓడ మొత్తానికీ బాక్సింగ్ ఛాంపియన్. కానీ నల్లవాడు. నల్లవాళ్లకు ఆ రోజుల్లో నౌకాదళం ఇచ్చే పనే వేరు: అధికారులకు భోజనం వడ్డించాలి, పక్కలు సర్దాలి, బూట్లు తుడవాలి. తుపాకీ శిక్షణ మాత్రం ఉండదు.

జపాన్ విమానాలు విరుచుకుపడ్డాయి. మిల్లర్ పైకి పరుగెత్తాడు. ప్రాణాపాయంలో ఉన్న కెప్టెన్ మెర్విన్ బెన్నియన్‌ను కాస్త చాటుకు చేర్చడానికి ఓ చెయ్యి వేశాడు. ఆ తర్వాత, ఎవరూ నేర్పని మెషిన్‌గన్ అందుకుని తూటాలు అయిపోయేదాకా విమానాల మీద కాల్చాడు. మరుసటి ఏడాది మే 27న అడ్మిరల్ నిమిట్జ్ స్వయంగా అతని ఛాతీకి నేవీ క్రాస్ తగిలించాడు. ఆ పతకం అందుకున్న మొదటి నల్లజాతి నావికుడు అతనే. పతకమైతే వచ్చింది కానీ, అతను వంటశాల దాటింది లేదు. 1943 నవంబరు 24న జపాన్ జలాంతర్గామి లిస్కమ్ బే నౌకను ముంచేసినప్పుడు, 24 ఏళ్లకే సముద్రంలో కలిసిపోయాడు.

ఒక యుద్ధ సినిమాకి ఇంతకు మించిన కథ ఎక్కడ దొరుకుతుంది?

2001లో మైకేల్ బే దాదాపు 14 కోట్ల డాలర్లతో, మూడు గంటల నిడివితో 'పెర్ల్ హార్బర్' తీశాడు. దాడి దృశ్యాలు నిజంగా కళ్లు చెదిరేలా ఉంటాయి. విమానం నుంచి జారిన బాంబు వెంటే కెమెరా కూడా అరిజోనా నౌక మీదికి దూకుతుంది. ఆ ఒక్క నౌకలోనే 1,177 మంది చనిపోయారు. బాంబు మనకు గుర్తుండిపోతుంది, అది కూల్చిన మనుషుల్లో ఒక్కరి ముఖమూ గుర్తుండదు. కథంతా ఇద్దరు స్నేహితులు, ఒక నర్సు నడిపే ప్రేమ వ్యవహారానికే పోయింది. ఆస్కార్ అందుకున్న క్యూబా గూడింగ్ జూనియర్ మిల్లర్‌గా వేసి కూడా కాసేపు కనిపించి వెళ్లిపోతాడు. ఇది నాకు మింగుడుపడని విషయం. ఆ సినిమాకి వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ సౌండ్ ఎడిటింగ్‌కి.

ప్రీమియర్ మాత్రం ఘనంగా జరిపారు. మే 21న, అదే పెర్ల్ హార్బర్‌లో, ఒక విమానవాహక నౌక డెక్ మీద తెర కట్టి, నాటి దాడి నుంచి బతికి బయటపడ్డ వృద్ధ సైనికులను పిలిచి మరీ ప్రదర్శించారు.

ఇక ఆ నౌక పేరు వెనక కథ. 1934లో మిసిసిపీలో ముగ్గురు నల్లజాతి కౌలు రైతులను చర్మం ఊడేలా కొట్టి హత్యానేరం ఒప్పించారు. కొట్టిన డిప్యూటీ షెరీఫ్ కోర్టులోనే ఆ మాట ఒప్పుకున్నాడు. అయినా ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. 1936లో సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. ఆ ఒప్పుకోళ్లను చూపించి వాదించిన ప్రాసిక్యూటర్ తర్వాత సెనేటర్ అయ్యాడు. 1964లో పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు. నౌకాదళానికి నిధులు ఇప్పించడంలో మాత్రం పెద్దదిక్కుగా నిలిచాడు. అతని పేరు జాన్ సి. స్టెన్నిస్.

మిల్లర్ కనిపించే ఆ సినిమా ఆడిన నౌకకు పెట్టింది ఈ స్టెన్నిస్ పేరే.