సగటు మనిషి సుష్టుభోజనం

పేదరికం పోయిందట. ఎటు పోయిందని అడక్కండి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే చూసి, దేశంలో పేదలు 5 శాతానికి మించి ఉండకపోవచ్చని నీతి ఆయోగ్ సీఈవో 2024 ఫిబ్రవరిలో సెలవిచ్చారు. పల్లెల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా 2011-12లో దాదాపు 53 శాతం. 2022-23లో అది 46కి దిగింది. తిండి వాటా తగ్గితే కలిమి పెరిగినట్టేనని ఎంగెల్ అనే జర్మన్ పెద్దాయన 1857లోనే చెప్పాడు. ఇంకేం, డప్పులు మోగాయి.

ఏడాది తిరిగేసరికి మరో సర్వే వచ్చింది. ఆ వాటా పల్లెల్లో 47కి ఎక్కింది, పట్నాల్లోనూ కాస్త పెరిగింది. డప్పు కొట్టినవాళ్లు ఈసారి ఎంగెల్‌ను పలకరించిన పాపాన పోలేదు.

అయినా ఈ లెక్కలు ఎవరి కంచానివి? 2022-23లో సిక్కిం పల్లెలో మనిషికి నెల ఖర్చు 7,731 రూపాయలు, ఛత్తీస్‌గఢ్ పల్లెలో 2,466. దేశంలోని పల్లెలన్నిటినీ ఒకే గిన్నెలో కలియబెడితే 3,773. ఈ సగటు మనిషి మహా గడుసువాడు. హర్యానాలో పాలు తాగి, కేరళలో చేపలు తిని, బస్తర్ వాడి పేరున త్రేన్చగలడు.

బియ్యం మీద ఖర్చు తగ్గిందన్నది మరో మురిపెం. 2023 జనవరి నుంచి రేషన్ బియ్యం ఉచితమాయె! సంచి పట్టుకుని డిపో ముందు నిలబడ్డవాడి జేబులోంచి పైసా కదలకపోతే ఖర్చు తగ్గక ఏమవుతుంది? పేదలేమో 5 శాతం, ఉచిత గింజలేమో 81 కోట్ల మందికి. పైగా ఆ పథకాన్ని ఇంకో అయిదేళ్లు పొడిగించారు, పేదరికం పోయిందని చెప్పడానికి కాస్త ముందే. పోయినవాడికి ఇంత ఘనంగా పిండం పెట్టడం మన ఆచారమే అనుకోండి.

2022-23లో పల్లె తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు ఏదో తెలుసా? బియ్యం కాదు, పప్పు కాదు. పానీయాలు, ప్రాసెస్ చేసిన ఆహారం: మొత్తం ఖర్చులో 9.62 శాతం. చూశారా, పల్లెలు ఎంత నాగరికమయ్యాయో! ఖమ్మం వైపు మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి ఏటా కూలీలు దిగుతారు. పొద్దున్నే చేలోకి పరుగెత్తాలి, పొయ్యి రాజేసే తీరిక ఉండదు. గట్టు పక్క బడ్డీకొట్టులో ఓ టీ, అందులో ముంచుకోవడానికి అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్. సర్వే చేసేవాళ్లకు దొరికితే, కూలీకి వచ్చిన ఆడమనిషి నాస్తా చేరేది ఈ పద్దులోకే. ఇంటి దగ్గరే ఉండి గంజి తాగి ఉంటే పేదరాలయ్యేది.