లేత గులాబీ అంటే ఏ గులాబీ?

వారం రోజులుగా కళ్లు మూసినా పర్మాంగనేటే కనిపిస్తోంది. బీఎస్సీ రెండో ఏడు, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. ఇంతకన్నా ఉపోద్ఘాతం అక్కర్లేదు. తెల్లకోటుకి చిల్లులు పడ్డవాళ్లకి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

20 మిల్లీలీటర్ల ఆగ్జాలిక్ ఆమ్లంలో సజల సల్ఫ్యూరిక్ పోసి, 60 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి బ్యూరెట్ కింద పెట్టాలి. పర్మాంగనేట్ మొదటి చుక్కలు కొత్తల్లుడిలా బిగుసుకుని కూర్చుంటాయి. రంగు ఓ పట్టాన పోదు. కాస్త మాంగనీసు అయాన్లు పుట్టాక అవే ఉత్ప్రేరకాలై పని అందుకుంటాయి. ఇక పడ్డ చుక్క పడ్డట్టే మాయం. ఆ హుషారులో ఇంకొక్క చుక్క జారిందా, ఫ్లాస్కు నిండా నేరేడు రసం.

"లేత గులాబీ రాగానే ఆపాలి. అర నిమిషం నిలవాలి," అన్నారు సారు. ఏ గులాబీ సార్ అని అడగలేదు. అడిగితే రికార్డు మీద సంతకం పడదు.

అసలు మా అమ్మ లెక్కలో గులాబీ అనేది ఒక రంగు కాదు, ఓ పెద్ద కుటుంబం. ఉల్లిపొర రంగు, తామర రంగు, రాణీ రంగు, బీట్‌రూట్ రంగు, "కనకాంబరం వైపు తిరిగింది", "ఉతికితే బాగుండేది". మొన్న మ్యాచింగ్ సెంటర్‌లో కుర్రాడు 11 ముక్కలు తీశాడు. అమ్మ ఒక్కోటీ చీర అంచు మీద పరిచి, రెండూ పట్టుకుని ఫుట్‌పాత్ మీది ఎండలోకి నడిచింది. "ట్యూబులైటు కింద అన్నీ ఒకటేరా. ఇదిగో, దీంట్లో పసుపు ఛాయ ఉంది." నాకు కనబడలేదు. కుర్రాడికీ కనబడలేదు, కానీ వాడు అనుభవజ్ఞుడు, "అవునమ్మా" అన్నాడు. ఆఖరికి ఒకటి కొన్నాం. ఇంటికొచ్చాక అది కాదంది. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడూ మళ్లీ. ముక్క 60 రూపాయలు, ఆటోలకి 240.

మా ల్యాబులోనూ ట్యూబులైటే, అదీ మినుకు మినుకుమంటూ. ఫ్లాస్కు కింద తెల్ల పింగాణీ పలక పెట్టమంటుంది పుస్తకం. పలకలు ఎప్పుడో పగిలాయి, రికార్డులోంచి చింపిన కాగితమే గతి. నలుగురికో బ్యూరెట్, దాని కుళాయి కారుతుంది. రీడింగులు మాత్రం రెండు కచ్చితంగా కలవాలి!

నాకొచ్చినవి 19.4, 20.1, 19.8. పక్కవాడు తొంగిచూసి, "ఒరేయ్, 19.8 రెండుసార్లు రాసెయ్. సీనియర్ రికార్డులోనూ అదే ఉంది," అన్నాడు. రాసేశాను. ఎర్రసిరాతో టిక్కు పడింది, పక్కన "గుడ్".

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ నాలుగోసారి కొట్టుకి బయల్దేరుతోంది. సంచి అందుకుని వెంట నడిచాను. రంగు కుదరకపోతే తను ముక్క మార్చుకుంటుంది. నేను అంకె మార్చాను.